తిన్నె మీద తెలుగు: మనం కంప్యూటర్లో తెలుగు చదువుకున్న కాలం

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక అక్క ఒక మాట అడిగింది. కొన్నేళ్ళ కిందట ఉగాది సభలో గుడియాత్తం పెద్దాయన ఒకరు మగ్గాల కాలం గురించి అరగంట మాట్లాడినారు కదా, ఆ రికార్డింగు ఎవరి ఫోన్లోనైనా ఉందా అని. అందరం వెతికినాము. ఒకరి ఫోన్ నీళ్ళలో పడింది, ఒకరు ఫోన్ మార్చినారు, ఒకరు జాగా చాలక అన్నీ తుడిచేసినారు. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన మాటలు కూడా లేవు.

ఆ రాత్రి మా పాత జతగాళ్ళు నలుగురం ఫోన్లో మాట్లాడుకుంటా ఉంటే ఒక సంగతి తట్టింది. ముప్ఫై ఏళ్ళ కిందట అమెరికాలో ముక్కూ మొహం తెలియని తెలుగు పిలకాయలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. మన ఇంటి మనిషి మొన్న మాట్లాడిన మాట దొరకలేదు. ఎందుకిట్ల? ఈ ప్రశ్న పట్టుకునే ఈ పోస్టు రాస్తా ఉండాము.

ముందు మన సంగతి చెప్పుకోవాలి. గుడియాత్తంలో బస్సెక్కి పరదరామి దాటితే ఆంధ్రా. రాయవేలూరు నుంచి కాట్పాడి, క్రిస్టియన్‌పేట మీదుగా చిత్తూరు గంట దారి. 1911 దాకా ఇదంతా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, కలెక్టరు కచేరీ చిత్తూరులోనే ఉండేది. ఆ ఏడు చిత్తూరు జిల్లా వేరుపడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960లో పటాస్కర్ సిఫారసుల ప్రకారం తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు వైపు పల్లెలు అటు పోయినాయి. గీతలు మారినాయి గానీ ఇంట్లో మాట మారలేదు. గుడియాత్తంలో నెల్లూరుపేట అని ఒక పేటే ఉంది, ఆ పేరు వింటే చాలు మన వాళ్ళ దారి ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది.

మాట మారలేదు సరే, అక్షరం పోయింది. మా తాతలు తెలుగు బళ్ళో చదివినారు. మా నాయనల తరానికి సగం వచ్చు, సగం రాదు. మా తరం వచ్చేసరికి బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు నోటికి మాత్రమే. దీంట్లో తమిళం మీద ఫిర్యాదు ఏమీ లేదు. తమిళం మాకు పరాయిది కాదు, కూడు పెట్టిన భాష, జతగాళ్ళ భాష. కానీ చిత్తూరు పెళ్ళిపత్రిక వస్తే తాత దగ్గరికి తీసుకుపోయి చదివించుకోవాల్సి వచ్చేది. అది మాత్రం మనసుకు గుచ్చుకునేది.

చెవికి తెలుగు కొరత లేదు. కడప, తిరుపతి రేడియో వినపడేది. సినిమాలు ఉండనే ఉన్నాయి. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాక ఇంట్లోకే తెలుగు వచ్చేసింది. అదే నెల 15వ తేదీ, విదేశ్ సంచార్ నిగమ్ వాళ్ళు మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు తెరిచినారు. పన్నెండు రోజుల తేడాలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. మొదటిది చెవికి. రెండోది కంటికని మాకు తెలిసేసరికి ఇంకో అయిదారేళ్ళు పట్టింది.

ఆ రెండో తలుపు అవతల అప్పటికే మన భాష వాళ్ళు కూర్చొని ఉన్నారు. 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో ఒక చావడి పెట్టుకున్నారు. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని దాని పేరు, ముద్దుగా ‘స్కిట్’ అనేవాళ్ళు. యూజ్‌నెట్ అంటే నోటీసు పలక లాంటిది. మీరు ఒక ఉత్తరం అంటిస్తే అది ఒక కాలేజీ కంప్యూటర్ నుంచి ఇంకో కాలేజీ కంప్యూటర్‌కు పాకుతా పోతుంది. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ప్రకటనలు లేవు, ఫోటోలు లేవు. ఉత్తరం, దానికి జవాబు, ఆ జవాబుకు ఇంకో జవాబు. అంతే.

తెలుగు అక్షరాలు మాత్రం ఆ కంప్యూటర్లలో లేవు. ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే. అందుకని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఒక పద్ధతి కట్టినారు. దాన్ని ఆర్‌టీఎస్ అన్నారు. చిన్న టీ కొడితే ‘త’, పెద్ద టీ కొడితే ‘ట’. చిన్న డీ అయితే ‘ద’, పెద్ద డీ అయితే ‘డ’. చిన్న ఎల్ ‘ల’, పెద్ద ఎల్ ‘ళ’. చిన్న ఎన్ ‘న’, పెద్ద ఎన్ ‘ణ’. ఇట్ల ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాము కూడా వాళ్ళే రాసినారు, దాని పేరు రిట్. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇది కంప్యూటర్‌లో లేని అక్షరానికి ఒక ఉపాయం. మాకు మాత్రం ఇది బడిలో దొరకని అక్షరానికి ఒక నిచ్చెన.

మేము దాన్ని చూసింది 2000, 2001 ప్రాంతంలో. మన వైపు ఇంటర్నెట్ కెఫే అని ఎవరూ అనరు కదా, బ్రౌజింగ్ సెంటర్. ప్లైవుడ్ అడ్డాలు పెట్టిన చిన్న చిన్న గూళ్ళు, ముందు చెప్పులు విప్పమని బోర్డు, గంటకు ముప్ఫై రూపాయలు, పోటీ పెరిగాక ఇరవై. మోడెం గీ గీ అని అరిచి తగులుకునేదాకా ఓనరు మీటర్ వెయ్యకుండా ఉంటే అది పెద్ద ఉపకారం. వేలూరులో సీఎంసీ ఆసుపత్రి చుట్టుపక్కల సెంటర్లలో ఎప్పుడూ తెలుగు వినపడేది. నెల్లూరు, కడప, చిత్తూరు నుంచి రోగులతో వచ్చినవాళ్ళు ఇంటికి మెయిలు పంపించడానికి కూర్చునేవాళ్ళు. ఇటు ఇంజనీరింగు కాలేజీ 2001లో విశ్వవిద్యాలయం హోదా తెచ్చుకొని వీఐటీగా పెరిగాక ఆంధ్రా పిలకాయలు కాట్పాడి నిండా వచ్చినారు. వాళ్ళలో ఒక పిల్లోడే మాకు ఆ పేజీ తెరిచి చూపించినాడు. ఇంగ్లీషు అక్షరాలు, కానీ ఇంగ్లీషు కాదు. నోట్లో చదువుకుంటే తెలుగు.

ఆ రోజు మాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటి పిలకాయలకు చెప్పినా అర్థం కాదు. అన్ని రోజులూ మేము తెలుగులో ‘చదువు రానివాళ్ళం’. ఒక్క పూటలో చదువు వచ్చినవాళ్ళం అయిపోయినాము. చిన్న ఎల్‌కూ పెద్ద ఎల్‌కూ తేడా పట్టుకోవడం మాకు పెద్ద కష్టం కాలేదు. తమిళం చదివినవాళ్ళకు ల, ళ వేరు అని బడిలోనే బెత్తంతో నేర్పించి ఉంటారు కదా!

దాంట్లోని ఒక వ్యాసం ఫ్లాపీలో ఎక్కించుకొని, ఇంకో చోట దాన్నే తెలుగు అక్షరాల్లో అచ్చు తీయించి, గుడియాత్తం తీసుకుపోయినాము. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీయే, కానీ ఉత్త అక్షరాలైతే దాంట్లో ఒక లావు పుస్తకమే పట్టేది. తాత తిన్నె మీద కూర్చొని కళ్ళద్దాలు పెట్టుకొని తెలుగు కాగితం చదివినారు. మేము పక్కన ఇంగ్లీషు అక్షరాల కాగితం పట్టుకొని వేలు పెట్టి వెంట చదివినాము. ఆయన ఆగిన చోట మేము ఆగినాము. ఇద్దరి చేతుల్లో రెండు రకాల గీతలు, నోట్లో ఒకటే మాట. తాత చివర్లో ఒకటే అడిగినారు: “ఈ రాసినాయన ఏ ఊరబ్బా?” మాకు తెలియదు. మెయిలు పంపించి అడిగితే రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆ ఊరి పేరు తాతకు చెబితే, అక్కడ ఎద్దులు బాగుంటాయిరా అన్నారు. వ్యాసం గురించి కాదు, ఎద్దుల గురించి! కానీ ఆ సాయంత్రం గుడియాత్తం తిన్నెకూ అమెరికాలో ఒక గదికీ మధ్య దారి పడింది.

తిన్నె అన్నాము కాబట్టి ఒక ముచ్చట. 1990ల చివర, 2000ల మొదట్లో ఉత్తరాల గుంపులు యాహూ గ్రూపుల రూపంలోకి వచ్చినాయి. తెలుగు వాళ్ళ గుంపుల్లో పేరు మోసిన ఒకదాని పేరు రచ్చబండ. అంటే ఊరి చెట్టు కింద పెద్దలు కూర్చొనే బండ. సరిగ్గా ఆ కాలంలోనే, 1999లో, తమిళం వాళ్ళు ఒక ఇంటర్నెట్ పత్రిక పెట్టి దానికి ‘తిణ్ణై’ అని పేరు పెట్టినారు. అది మన తిన్నే. ఇల్లు దాటి వీధిలోకి వచ్చేవాడు, వీధిలోంచి ఇంట్లోకి పోలేనివాడు, ఇద్దరూ కూర్చోగల జాగా. రెండు భాషల వాళ్ళు ఒకరినొకరు అడక్కుండానే కంప్యూటర్లో కట్టుకున్న చోటికి ఊళ్ళో కూర్చునే చోటు పేరే పెట్టుకున్నారు. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే పేజీ 2006లో వస్తే దానికి పేరు ‘కూడలి’. బజారు అనో కచేరీ అనో ఎవరూ పెట్టలేదు. వాళ్ళకు కావాల్సింది ఏమిటో ఆ పేర్లే చెబుతాయి.

ఆ చోట్లలో ఏముండేది? పొడుగు ఉత్తరాలు ఉండేవి. ఒక పద్యానికి అర్థం మీద పది రోజులు చర్చ. ఒక సామెత ఏ జిల్లాలో ఎట్ల అంటారో ఒక్కొక్కరు రాసేది. ఛందస్సు నేర్పేవాళ్ళు ఛందస్సు నేర్పేది, పాట అడిగినవాళ్ళకు ఇంకొకరు కూర్చొని మొత్తం టైపు చేసి పంపేది. డబ్బు లేదు, లైకుల లెక్క లేదు. జవాబు రావడానికి రాత్రి పట్టేది, అందుకని మనిషి ఆలోచించి రాసేవాడు. గుంపుకు ఒక నిర్వాహకుడు ఉండేవాడు. శ్రుతి మించితే “అయ్యా, ఇక చాలు” అనేవాడు. కొత్తవాళ్ళు వస్తే ముందు పాత ఉత్తరాలు చదివి రమ్మనేవాడు. అంటే ఆ చోటుకు ఒక జ్ఞాపకం ఉండేది.

ఒక భాషను వేరే అక్షరాల్లో రాయడం తప్పు కదా అని అప్పుడే కొందరు అన్నారు. మన వైపు వాళ్ళకు అది కొత్త కాదు. త్యాగరాజ కీర్తనలు తెలుగు. తమిళనాట వాటిని పాడేవాళ్ళలో తెలుగు అక్షరం రాని వాళ్ళే జాస్తి. వాళ్ళ కోసం తరాలుగా ఆ కీర్తనలను తమిళ అక్షరాల్లో అచ్చు వేస్తా ఉండారు. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ అక్షరం ఒకటే కాబట్టి, ఆ అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. తంజావూరు వైపు పాట కోసం వేసిన ఆ అంకెలు, అమెరికాలో ఉత్తరం కోసం వాడిన పెద్ద ఎల్, పెద్ద టీ, ఇవన్నీ ఒకే పని చేసినాయి. అక్షరం లేనిచోట మాటను మోసినాయి.

ఆ కాలంలో తమిళం వాళ్ళ నుంచి మేము నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. 1998 పొంగల్ నాడు కల్యాణసుందరం గారు స్విట్జర్లాండులో ఉండి ‘ప్రాజెక్ట్ మదురై’ మొదలుపెట్టినారు. పాత తమిళ గ్రంథాలను దేశదేశాల్లో ఉన్న మామూలు మనుషులు తలా ఇన్ని పేజీలు టైపు చేసి, ఎవరికైనా ఊరికే ఇచ్చే పని. అది ఇప్పటికీ ఉంది. అదే 1998లో తెలుగులో ‘ఈమాట’ అనే ఇంటర్నెట్ పత్రిక మొదలైంది. అదీ ఇప్పటికీ నడుస్తా ఉంది. ఈ రెండు పేర్లు గుర్తు పెట్టుకోండి, వీటితో కడపట పని ఉంది.

తర్వాత తెలుగు అక్షరమే కంప్యూటర్‌లోకి వచ్చింది. ఊరికే రాలేదు. మొదట్లో ఒక్కో దినపత్రిక వెబ్‌సైటుకు ఒక్కో ఫాంటు. ఈ పత్రిక ఫాంటు ఎక్కిస్తే ఆ పత్రిక చదవలేము. ఒకదాంట్లో ‘క’ ఉన్న చోట ఇంకోదాంట్లో ఇంకేదో గీత. బ్రౌజింగ్ సెంటర్లో ప్రతిసారీ ఫాంటు దించుకోవడానికే పావుగంట. యూనికోడు అనే ఉమ్మడి లెక్కలో 1991 నుంచే తెలుగుకు చోటు ఉంది. అది మన తెర మీదికి రావడానికి మాత్రం విండోస్ ఎక్స్‌పీ దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే గానీ డబ్బాల బదులు అక్షరాలు కనపడేవి కాదు. సెంటర్ ఓనరు సీడీ లేదు పోవయ్యా అంటే ఆ రోజుకు అంతే.

ఆ పీటముడి విప్పింది కూడా జీతం లేకుండా పని చేసినవాళ్ళే. తిరుమల కృష్ణదేశికాచారి గారు పోతన, వేమన అనే ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చినారు. వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే ఉపకరణం చేసినారు. ఫైర్‌ఫాక్స్‌లో అది పెట్టుకుంటే పత్రికల రకరకాల ఫాంట్లు యూనికోడులోకి మారి ఒకే తీరుగా చదువుకోవడానికి వీలయ్యేది. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టింది కూడా ఆయనే. 2006లో వీవెన్ గారు ‘లేఖిని’ పేజీ పెట్టినారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కళ్ళ ముందే తెలుగు పడుతుంది. ఆర్‌టీఎస్ నేర్చుకున్న మాలాంటివాళ్ళకు ఇది పండగ. పాత నిచ్చెన ఎక్కి వచ్చినవాళ్ళం నేరుగా మిద్దె మీదికి వచ్చినాము. లేఖినిలో కొట్టి, పడే అక్షరాన్ని చూసి చూసి, మాలో కొందరం తెలుగు రాయడం అట్లనే నేర్చుకున్నాము. ఈ పోస్టు రాస్తా ఉండేది ఆ చదువుతోనే.

కానీ అదే 2006లో ఇంకొకటి జరిగింది. తమిళనాడులో తమిళం నేర్చుకొనే చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికి ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతా వచ్చి, 2015-16కు పదో తరగతికి చేరింది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మలయాళం పిలకాయల కోసం కోర్టులకు పోతే ఆ తర్వాత మినహాయింపులు వచ్చినాయి. దాని మంచీ చెడ్డా గురించి మన సభల్లో చాలాసార్లు మాట్లాడుకున్నాము, ఇక్కడ మళ్ళీ ఎందుకు. ఇక్కడ చెప్పదలచింది ఒకటే. తెలుగు అక్షరం కంప్యూటర్‌లోకి వచ్చిన ఏడాదే, మన వైపు బళ్ళలో అది ఇంకా సన్నబడడం మొదలైంది. లోకం అంతా ఇంగ్లీషు అక్షరాల తెలుగు వదిలిపెట్టి అసలు అక్షరానికి మారిపోయింది. మన పిలకాయలకు మాత్రం ఆ నిచ్చెన లేకుండా పోయింది. ఇప్పుడు ఇంటర్నెట్టు నిండా తెలుగే. మన ఇండ్లలో దాన్ని చదవగలిగేవాళ్ళు ఎందరు?

ఇంత చెప్పి, ఆ కాలం బంగారం అంటే అబద్ధం అవుతుంది. ఆ రచ్చబండల్లో కూర్చున్నది ఇంగ్లీషు చదువుకొని కంప్యూటర్ దాకా పోగలిగినవాళ్ళే. మన గుడియాత్తంలో లుంగీ నేసేవాళ్ళు, అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసేవాళ్ళు, బీడీలు చుట్టే అక్కలు అక్కడ లేరు. ఆడపిల్ల బ్రౌజింగ్ సెంటర్‌కు పోతానంటే ఇంట్లో ఒప్పుకునేది లేదు. కులం మీద, ప్రాంతం మీద, ఎవరి తెలుగు గొప్ప అనేదాని మీద జరిగిన కొట్లాటలు ఇప్పటికన్నా తక్కువేమీ కాదు. మా యాస చూసి “ఇది తెలుగా, అరవమా?” అని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. ఈరోజు మన గ్రూపులో చదువు రాని అవ్వ కూడా వాయిస్ పెడుతుంది. “ఒరే అబ్బయ్యా, పున్నానికి అందరూ రండ్రా” అని ఆ గొంతు వచ్చినప్పుడు, ఆ పాత చోట్లలో ఎప్పుడూ లేని తెలుగు మనకు వినపడుతుంది. ఆ లాభాన్ని వదులుకొని వెనక్కి పోదాం అని మేము అనడం లేదు.

మరి పోయింది ఏది?

ఒక్కొక్కటిగా చూడండి. జియోసిటీస్‌లో ఊరికే ఇచ్చిన జాగాలో ఎందరో పాటలూ పద్యాలూ రాసి పెట్టుకున్నారు. యాహూ దాన్ని కొని, 2009 అక్టోబరులో మూసేసింది. ఆర్కుట్ 2004లో వచ్చింది, కాలేజీ పిలకాయలంతా అక్కడే, 2014 సెప్టెంబరు 30న మూసినారు. యాహూ గ్రూపుల సైటులో కొత్తవి ఎక్కించడం 2019 అక్టోబరులో ఆపేసి, డిసెంబరు నుంచి పాత ఉత్తరాలు తీసేయడం మొదలుపెట్టినారు. 2020 డిసెంబరు 15న మొత్తం మూసేసినారు. తీసుకోవాల్సినవాళ్ళు తీసుకోండి అని గడువు ఇచ్చినారు. అప్పటికి చాలా గుంపుల్లో ఆ మాట చదివేవాళ్ళే లేరు. మేము ఉన్న రెండు చిన్న గుంపులు అట్లనే పోయినాయి. మాకు గుర్తు వచ్చేసరికి గడువు దాటిపోయింది. తప్పు మాదే.

కానీ అన్నీ పోలేదు. స్కిట్ ఉత్తరాలు చాలా వరకు మిగిలినాయి. 1995 నుంచి డేజా న్యూస్ అనే వాళ్ళు యూజ్‌నెట్ ఉత్తరాలు పోగు చేసి పెట్టినారు. 2001లో గూగుల్ దాన్ని కొని గూగుల్ గ్రూప్స్‌లో ఉంచింది. ఈమాట మిగిలింది. ఎందుకంటే అక్షరాల పద్ధతి మారినప్పుడు దాన్ని నడిపేవాళ్ళు కూర్చొని పత్రికను యూనికోడులోకి మార్చుకున్నారు. ప్రాజెక్ట్ మదురై కూడా అంతే. వికీపీడియాలో ఎవరు ఏ రోజు ఏ మాట దిద్దినారో మొదటి నుంచీ లెక్క ఉంది. మూతపడిన యాహూ గుంపుల్లో కూడా, ఎవరో ఒక సభ్యుడు ముందుచూపుతో ఒక ప్రతి తీసి పెట్టుకొని ఉంటే అది బతికింది.

వీటిలో గొప్ప టెక్నాలజీ వల్ల మిగిలింది ఒకటీ లేదు. ఎక్కడ ఒక మనిషి “ఇది నా పూచీ” అనుకున్నాడో అక్కడ మిగిలింది. ఎక్కడ అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదో అక్కడ పోయింది. ఊళ్ళో తిన్నె సంగతీ అంతే. పొద్దున్నే లేచి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసే చెయ్యి ఉన్నన్నాళ్ళే అది తిన్నె. ఆ చెయ్యి లేకపోతే అది చెప్పులు విడిచే చోటు.

మన వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు ఆ చెయ్యి లేదు. రోజుకు వంద గుడ్‌మార్నింగులు వస్తాయి, వాటి కింద పెద్దాయన మగ్గం మాటలు పూడిపోతాయి. ఆయన మాట పోయింది ఫోన్ పగిలినందుకు కాదు. దాన్ని దాయడం ఎవరి పనీ కాకపోయినందుకు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు సంగతులు పెడదామని మా ఆలోచన. మీరు ముందే ఆలోచించి రండి.

మొదటిది, ఇద్దరు మనుషులను నియమిద్దాం. ఒకరు వేలూరులో, ఒకరు గుడియాత్తంలో. వాళ్ళ పని ఒకటే, సభల్లో పెద్దలు మాట్లాడింది, ఇండ్లలో ఉన్న పాత ఉత్తరాలు, పెళ్ళిపత్రికలు, ఫోటోలు సేకరించి దాయడం. ప్రతిదానికీ తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ళ పేరు రాయాలి. ఒక్క ఫోన్లో కాదు, మూడు చోట్ల ప్రతి ఉండాలి. పెద్దలు ఒప్పుకున్నదే ఉంచుదాం, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనిద్దాం.

రెండోది, అక్షరం రాదని ఎవరూ ఆగకూడదు. తెలుగును తమిళ అక్షరాల్లో రాయండి, ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చడానికి వినోద్ రాజన్ గారు చేసిన ‘అక్షరముఖ’ అనే ఉపకరణం ఇంటర్నెట్‌లో ఊరికే ఉంది. తెలుగు పేజీ దాంట్లో వేస్తే తమిళ అక్షరాల్లో వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో మా తరం ఎక్కిన నిచ్చెన ఇప్పుడు తమిళ అక్షరాలతో మళ్ళీ వేసుకోవచ్చు. దాని మీద నడిచి వచ్చినవాళ్ళలో సగం మందైనా అసలు అక్షరం దాకా వస్తారు. మేము వచ్చినాము కదా.

మూడోది, నెలకు ఒక ఆదివారం సాయంత్రం, ఒక ఇంటి తిన్నె మీద పదిమందికి మించకుండా కూర్చుందాం. ఫోన్లు లోపల పెట్టి, ఒక్క ఫోన్ మాత్రం రికార్డింగుకు. ఒక అవ్వ గానీ తాత గానీ మాట్లాడాలి, ఒక పిల్ల గానీ పిల్లోడు గానీ రాసుకోవాలి. ఏ అక్షరాల్లో అయినా సరే.

మగ్గం పెద్దాయన మాటలు తిరిగి రావు. కానీ ఆయన పక్కన నేసినవాళ్ళు ఇద్దరు ఇంకా నెల్లూరుపేటలో ఉన్నారు. మొదటి ఆదివారం వాళ్ళ ఇంటికే పోదాం.

బ్రౌజింగ్ సెంటర్ కాలం మీకూ గుర్తుంటే కింద రాయండి. ఏ ఊళ్ళో, ఏ వీధిలో, గంటకు ఎంత ఇచ్చినారు, మొదట తెలుగులో ఏం చదివినారు. పాత గుంపుల ఉత్తరాలు ఎవరి దగ్గరైనా సీడీలోనో ఫ్లాపీలోనో మిగిలి ఉంటే పారెయ్యకండి, మాకు చెప్పండి. వచ్చి తీసుకుంటాము.